“మీకు తోచినంత ఇవ్వండి” అనడం మానేయండి: చిన్న సంస్థ నడిపేవాళ్లు విరాళం ధైర్యంగా అడగడం ఎలా

తొమ్మిదేళ్ల కిందట బొబ్బిలి దగ్గర ఓ రైస్ మిల్లు ఓనరు గారి ఆఫీసులో నలభై నిమిషాలు కూర్చున్నాను. మేం నడిపే సాయంత్రం బడుల గురించి మొత్తం చెప్పి, ఆయన తెప్పించిన టీ కూడా తాగి, చివరికి ఆయనే “అయితే ఎంత కావాలమ్మా?” అని సూటిగా అడిగితే నేను నేల చూపులు చూస్తూ “అబ్బే, మీకు తోచినంత ఇవ్వండి సార్” అన్నాను. ఆయనకు ఐదు వందలు తోచింది. రానుపోను ఆటోకే రెండు వందల నలభై అయింది.

దారి పొడుగునా ఆయన్ని పిసినారి అని తిట్టుకున్నాను గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు నాదే. ఆయన ఎంత కావాలని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు, ఒక్కో బడికి ఎంతవుతుందో నాకే సరిగ్గా తెలియదు. ఆ తర్వాత నేర్చుకున్నవన్నీ, తిన్న మొట్టికాయలతో సహా, ఇక్కడ రాస్తున్నా. అద్దం ముందు నిలబడి “నేను చేయగలను” అనుకునే రకం చిట్కాలు వద్దనుకునేవాళ్ల కోసం ఇది. నాకు అవి ఒక్కరోజు కూడా పని చేయలేదు.

అడుగు 1: మీ మొహమాటం ఏ రకమో తేల్చుకోండి

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పింది, ఇక్కడ పూర్తిగా రాయను. అయితే డబ్బు అడగడానికి అడ్డొచ్చే మొహమాటం ఒకటే రకం కాదు. ఒక కాగితం తీసుకుని, ఎవరిని అడగాలంటే మీకు కడుపులో తిప్పుతుందో ఆ ఐదుగురి పేర్లు రాసి, పక్కన ఎందుకో రాయండి. నేను రాసినప్పుడు మూడు కారణాలే మళ్లీమళ్లీ వచ్చాయి.

మొదటిది, చేయి చాస్తున్నాననే సిగ్గు. దీనికి నాకు దొరికిన మందు ఒక్కటే: ముందు నేను ఇవ్వడం. నెలకు ఐదొందలో వెయ్యో, మీ సంస్థ ఖాతాలో మీ పేరుతో వేసి రసీదు రాసుకోండి. “నేను ఇస్తున్నాను, మీరూ ఇవ్వండి” అనే మనిషి గొంతు వేరేగా ఉంటుంది.

రెండోది, “ఎన్జీవో అంటే తినేస్తారు” అని ఎదుటివాళ్లు అనుకుంటారేమోనన్న భయం. ఇది ధైర్యం చెప్పుకుంటే పోయేది కాదు, లెక్కలు చేతిలో ఉంటే పోతుంది. అందుకే అడుగు 2 ఇంత పొడుగ్గా రాశాను.

మూడోది, సంబంధం చెడిపోతుందేమోనన్న బెంగ. చుట్టాలు, పాత స్నేహితుల దగ్గర ఇది ఎక్కువ. వాళ్లకు తప్పించుకునే దారి ముందే ఇచ్చేయండి: “కుదరకపోతే కుదరదని చెప్పెయ్ వదినా, నేనేమీ అనుకోను.” చెప్పాక నిజంగానే అనుకోకూడదు, అదే కష్టం.

ఇంకో సంగతి. వినాయక చవితికి చందా వసూలు చేసే కుర్రాళ్లను ఎప్పుడైనా గమనించారా? రసీదు పుస్తకం తెరిచి, పెన్ను క్యాప్ తీసి, “అన్నా, పోయినేడు వెయ్యి రాశారు, ఈసారి పదిహేను వందలు రాస్తున్నా” అంటారు, మనం నోరు తెరిచేలోపే సగం రాసేస్తారు. వాళ్లకు పందిరికెంత, విగ్రహానికెంత, మైకుసెట్టుకెంత అన్నీ తెలుసు, ఏ తేదీకి కావాలో తెలుసు, పైగా ఇద్దరు ముగ్గురు కలిసి వస్తారు. పిల్లల చదువు కోసం తిరిగే మనం మాత్రం గోడకు ఆనుకుని నసుగుతాం. నాకు ట్రైనింగ్ ఇచ్చినవాళ్ల కన్నా ఆ కుర్రాళ్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను.

అంతకన్నా పెద్ద ఉదాహరణ కావాలంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీ స్త్రీలు, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని ఆ పన్నెండేళ్ల పిల్ల పట్టుబట్టింది. నిర్వాహకులు ఐదు వేల రూపాయల నిధి సమకూరిస్తే కొన్ని నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో ఐదు వేలంటే ఎంతో ఊహించుకోండి. ఆమె పోగుచేసింది, దేవదాసీ స్త్రీలే ముందుకొచ్చి సాయం చేశారు. ఆ సభలో ఆడవాళ్లు ఒంటి మీద నగలు కూడా తీసిచ్చారు. ఎంత కావాలో, ఎందుకో, ఎప్పటికో ఆ పిల్లకు స్పష్టంగా తెలుసు. నలభై ఏళ్లు దాటి కూడా రైస్ మిల్లులో నాకు తెలియనివి సరిగ్గా అవే.

అడుగు 2: ఒక పేజీలో పట్టే లెక్క వేయండి

మా లెక్కే చెప్తాను, ఒక బడికి, ఒక నెలకు. టీచరుకు గౌరవ వేతనం 5,000. గది అద్దె 1,500. సాయంత్రం గుగ్గిళ్లో అరటిపండో, పిల్లకు 7 రూపాయల చొప్పున 30 మందికి 24 రోజులు, 5,040. నోటు పుస్తకాలు, సుద్దముక్కలు 600. కరెంటు 300. ఇక్కడికి 12,440.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆడిట్ ఫీజు, నాలుగు బడులూ తిరిగే కోఆర్డినేటరు జీతం, పెట్రోలు, ఫోను, నా జీతంలో ఈ బడికి పడే వాటా, ఇవన్నీ కలిపితే ఇంకో 2,560. మొత్తం 15,000. ముప్పై మందితో భాగిస్తే పిల్లకు నెలకు 500, ఏడాదికి 6,000. ఒక బడికి ఏడాదికి 1,80,000.

ఆ 2,560 గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. “మేం ఒక్క రూపాయి కూడా తీసుకోం, మొత్తం పిల్లలకే” అని గొప్పగా చెప్పుకోవడం మన దగ్గర ఓ అలవాటు. నేనూ నాలుగేళ్లు చెప్పాను. ఫలితంగా ఆడిటరు గారికి ఇవ్వాల్సింది మా ఆయన జీతంలోంచి ఇచ్చాం, కోఆర్డినేటరు మంచి జీతం దొరికి వెళ్లిపోయాడు, రెండు బడులు మూతపడ్డాయి. దాచిపెట్టిన ఖర్చు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. పైగా దాచామనే సంగతి మన మనసుకు తెలుసు కాబట్టి, ఎవరైనా “మీకెంత మిగులుతుంది?” అంటే నాలుక తడబడుతుంది. ఇప్పుడు నా జీతం ఎంతో ఆ పేజీలోనే ఉంది. అడిగితే చూపిస్తాను, అడగకపోయినా చూపిస్తాను.

ఈ పేజీ కంఠతా రావాలి. రోజూ పాల లెక్క చెప్పినట్టు చెప్పగలగాలి.

అడుగు 3: కాగితాలు

ఇది బోరు కొట్టే భాగమే గానీ, భయంలో సగం ఇక్కడే పోతుంది. సంస్థ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, 12ఏబీ (సంస్థకు పన్ను మినహాయింపు ఇచ్చేది), 80జీ (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చేది) రిజిస్ట్రేషన్లు, వాటి గడువు తేదీలు ఒక ఫైల్లో పెట్టుకోండి. స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు దర్పణ్ పోర్టల్ నంబరు ఉంటే అదీ.

80జీ కింద దాత ఇచ్చినదానిలో మనలాంటి సంస్థలకు సాధారణంగా సగాన్ని తన ఆదాయంలోంచి మినహాయింపుగా చూపించుకోవచ్చు, పరిమితులు ఉంటాయి. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మాత్రం మినహాయింపు రాదు, కాబట్టి యూపీఐ గానీ చెక్కు గానీ అడగండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు, ఇప్పుడు ఉద్యోగస్థుల్లో చాలామంది అందులోనే ఉన్నారు. అందుకని “సార్, టాక్స్ కలిసొస్తుంది” అంటూ మొదలుపెట్టొద్దు. ఆయన “నేను కొత్త రెజీమ్ అమ్మా” అంటే మీ మాట అక్కడే తెగిపోతుంది. దాతల వివరాలతో ఫారం 10బీడీ ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా దాఖలు చేసి, విరాళానికి రుజువుగా 10బీఈ సర్టిఫికెట్ దాతకు ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఇవన్నీ 1961 చట్టం ప్రకారం ఉన్న పేర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు మీ ఆడిటరు దగ్గర ఒకసారి సరిచూసుకోండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల గురించి. మన ఊళ్లలో ఇంటికొకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు, వాళ్లు ఇస్తామన్నప్పుడు ఆగలేం. కానీ ముందు “నీది ఇప్పుడు ఏ పాస్‌పోర్టు రా?” అని అడగాలి. భారత పౌరుడిగానే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క డాలరు ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ రావాలంటే మామూలుగా సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల ఖర్చు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. మా పెదనాన్న మనవడు డల్లాస్ నుంచి యాభై వేలు పంపుతానంటే ఈ కారణంగానే వద్దన్నాను. నొచ్చుకున్నాడు. తర్వాత ఇక్కడున్న వాళ్లమ్మకు చెప్పాడు, ఆవిడ తన పెన్షన్లోంచి నెలకు వెయ్యి వేస్తోంది.

అడుగు 4: యాభై పేర్ల జాబితా

డబ్బున్నవాళ్ల జాబితా రాయొద్దు. మన ఊళ్లో కోటీశ్వరులెవరో అందరికీ తెలుసు, అందరూ వాళ్ల గుమ్మంలోనే ఉంటారు. ఫోను కాంటాక్టులు అ నుంచి హ దాకా చూస్తూ, “ఈ మనిషి నా ఫోను ఎత్తుతాడా? మా పని ఒక్కసారైనా చూశాడా, కనీసం విన్నాడా?” అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుంటూ వెళ్లండి. మా మొదటి యాభైలో రిటైరైన టీచర్లు పదకొండు మంది, మందుల షాపు ఆయన, మా అబ్బాయి క్లాస్‌మేట్ల తల్లిదండ్రులు, ఒక ఎల్ఐసీ ఏజెంటు ఉన్నారు. మిల్లు ఓనరు ముప్పై ఎనిమిదో నంబరు.

ప్రతి పేరు పక్కన ఒక అంకె రాయండి, అడగబోయే మొత్తం. ఇది రాసేటప్పుడే చేయి వణుకుతుంది, వణకనివ్వండి. ఆ మనిషి కుటుంబంతో ఒకసారి హోటల్‌కి వెళ్తే ఎంతవుతుంది, పెళ్లిలో ఎంత చదివిస్తాడు, అక్కడ మొదలుపెట్టండి. నా అనుభవంలో మనం తక్కువే రాస్తాం.

మీ కమిటీ సభ్యులు ఒక్కొక్కరు మూడు పేర్లు ఇవ్వాలి, ఇవ్వడమే కాదు, పక్కన వచ్చి కూర్చోవాలి. సంతకాలకే పనికొచ్చే సభ్యులుంటే, అది వేరే వ్యాసం.

అడుగు 5: నోటితో ప్రాక్టీసు

మనసులో అనుకోవడం వేరు, నోరు తిరగడం వేరు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి ఇలా చెప్పి చూడండి:

“సార్, మీరు పోయిన నెల మా కోనవలస బడి చూశారు కదా. అక్కడ ముప్పై మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఏడాదికి ఆరు వేలు అవుతుంది. మీరు పది మంది పిల్లల బాధ్యత, అంటే అరవై వేలు, ఈ ఏడాదికి తీసుకోవాలని అడగడానికి వచ్చాను.”

ఇక్కడ నోరు మూసుకోవాలి. మొత్తం వ్యాసంలో కష్టమైన పని ఇదే. అంకె చెప్పగానే వచ్చే నిశ్శబ్దం భరించలేక మనమే “అంటే, అంత కాకపోయినా, సగమైనా, మీ ఇష్టం” అని బేరం మొదలుపెట్టి మనమే ముగించేస్తాం. మా ఆయన ఎదురుగా కూర్చుని ప్రాక్టీసు చేస్తే మొదటి ఐదుసార్లూ నేను మూడో సెకనుకే నోరు తెరిచాను. చివరికి బల్ల కింద వేళ్లు మడుస్తూ పది దాకా లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. అది ఇప్పటికీ చేస్తాను.

“సార్, ప్లీజ్ సార్, పాపం పిల్లలు” లాంటివి తీసేయండి. “పాపం” అనే మాట మా సంస్థలో నిషేధం, ఆ పిల్లల తల్లులు వింటే ఎలా ఉంటుందో ఒక్కసారి అనుకోండి.

అడుగు 6: తేలికైన మెట్టు నుంచి మొదలుపెట్టండి

మొదటి వారం, కచ్చితంగా ఇస్తారనుకున్న ఐదుగురిని ఐదు వందలకు అడగండి. ఫోన్లో కాకుండా ఎదురుగా. రెండో వారం ఆరు వేలకు, ఒక పిల్ల ఏడాది ఖర్చుకు, మరో ఐదుగురిని. పెద్ద మొత్తాలు నెల తర్వాతే. వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టి “దయచేసి సహకరించండి” అంటే దాన్ని అడగడం అనరు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య కొట్టుకుపోతుంది.

ఒక తమాషా లెక్క పెట్టుకోండి: నెలకు పది “లేదు”లు సంపాదించాలి. వచ్చిన డబ్బును కాకుండా విన్న “లేదు”లను నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటూ వెళ్తే, ఆరో ఏడో “లేదు” దగ్గర భయం కాస్త విసుగుగా మారుతుంది, విసుగుతో బాగానే పని చేయొచ్చు. నా మొదటి నెల నోటుబుక్కులో పది గీతలు పూర్తి కాలేదు, ఎందుకంటే మధ్యలో ఏడుగురు ఇచ్చేశారు.

అడుగు 7: వాళ్లు అనేవి, మీరు అనాల్సినవి

“ఇప్పుడు కొంచెం టైట్‌గా ఉందమ్మా” అంటే, “అలాగే సార్, పంట డబ్బులు వచ్చాక సంక్రాంతి తర్వాత రమ్మంటారా?” అని తేదీ తీసుకోండి. తీసుకున్న తేదీకి నిజంగా వెళ్లండి. ఇది చాలామంది చేయరు, అందుకే వెళ్లినవాళ్లకు విలువ.

“ఇదంతా గవర్నమెంటు చూసుకోవాలి కదా” అనేవాళ్లతో వాదించొద్దు. నేను “నిజమే సార్, పొద్దున బడి గవర్నమెంటే నడుపుతోంది, సాయంత్రం ఐదు తర్వాతే మేం” అంటాను.

“మొన్ననే గుడికి ఇచ్చాం” అంటే సంతోషించండి. ఇచ్చే చెయ్యి ఉన్న ఇల్లని అర్థం.

“మా పాప పుట్టినరోజుకి వచ్చి పిల్లలకు బిర్యానీ పెడతాం, కేకు కట్ చేయిస్తాం” అనేది అన్నింటికన్నా ఇబ్బంది. మంచి మనసుతోనే అంటారు, కానీ నెలకు నాలుగు కేకులు కోస్తూ, ఫొటోలకు వరసగా నిలబడే పిల్లల ముఖాలు చూశాక మేం ఒక నియమం పెట్టుకున్నాం. రండి, కూర్చోండి, పిల్లలతో పాటు గుగ్గిళ్లు తినండి, పాపతో ఒక కథ చదివించండి. ఫొటోలో మాత్రం పిల్లల ముఖాలు ఉండవు. బిర్యానీ ఖర్చు బడి ఖాతాకు. సగం మంది వెనక్కి తగ్గారు, ఉన్న సగం ఇప్పటికీ ఉన్నారు.

అడుగు 8: వద్దనడం కూడా నేర్చుకోండి

ఐదేళ్ల కిందట ఒక పెద్దమనిషి లక్ష రూపాయల చెక్కు ఇస్తానన్నాడు. టీ వచ్చాక అసలు సంగతి చెప్పాడు: తొంభై వేలు నగదుగా తిరిగిచ్చేయాలి, పదివేలు మేం ఉంచుకోవాలి, రసీదు మాత్రం లక్షకు. ఆ నెల టీచర్లకు జీతాలు ఇవ్వడానికి మా ఖాతాలో డబ్బు లేదు. పదివేలంటే ఇద్దరి జీతం. “అలా చేయలేమండి” అని లేచాను, బయటికొచ్చాక కాళ్లలో వణుకు తెలిసింది. అది మోసమే, పట్టుబడితే రిజిస్ట్రేషనే పోతుంది. జీతాలు పన్నెండు రోజులు ఆలస్యమయ్యాయి, టీచర్లకు ఎందుకో చెప్పాను. ఆ తర్వాత ఎవరి ముందు కూర్చున్నా నాకు మునుపటంత బెరుకు లేదు. కాదనడం వచ్చినవాళ్లకు అడగడం కొంచెం తేలికవుతుందేమో.

అడుగు 9: డబ్బు వచ్చాక

రసీదు అదే రోజు. రెండో రోజు ఫోను, కృతజ్ఞతకు మాత్రమే. మూడు నెలలకు, ఆ డబ్బుతో ఏం జరిగిందో రెండు వాక్యాల వాయిస్ మెసేజ్, వీలైతే టీచరు గొంతుతో. ఆరు నెలలకు, ఏమీ అడగకుండా ఒకసారి కలవడం. ఏదైనా తప్పితే అదీ చెప్పండి. వానలకు ఒక బడి ఆరు వారాలు మూతపడితే దాతలందరికీ ఫోన్ చేశాం, ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు, ఇద్దరు రేకుల ఖర్చెంతని అడిగారు.

కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టాల్సిన ఖర్చు గురించి క్లుప్తంగా. 2013 కంపెనీల చట్టం ప్రకారం, నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, అంతకు మించో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. వాళ్ల డబ్బు తీసుకుని కార్యక్రమం నడపాలంటే మీకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు కావాలి, 2021 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. అక్కడ కూర్చునే అధికారి కూడా ఉద్యోగి, పైవాళ్లకు సమాధానం చెప్పుకోవాలి, ఆయనకు మీ ఒక్క పేజీ లెక్క ఇస్తే పని తేలికవుతుంది. అయితే వీధిలో యాభై మంది దాతలు లేకుండా కంపెనీ గుమ్మం ఎక్కొద్దు. ఒక్క కంపెనీ మీదే ఆధారపడి, ఆ అధికారి బదిలీ కాగానే కూలిపోయిన సంస్థల్ని చూశాను.

మిల్లు ఓనరు సంగతి అడుగుతారు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ వెళ్లాను. అరవై వేలు అన్నాను. వేళ్లు మడిచాను. ఏడు దగ్గర ఉండగా ఆయన “గుగ్గిళ్లు రోజూ పెడతారా?” అన్నాడు. పెడతామన్నాను. పేజీ చేతిలోకి తీసుకుని ఏడు రూపాయల దగ్గర వేలు పెట్టి, “ఏడుకి ఏమొస్తుందమ్మా, శనగలు కిలో ఎంతకి కొంటున్నారు?” అని అడిగాడు. చెప్పాను. ఆరుగురు పిల్లలకు ముప్పై ఆరు వేలు, రెండు విడతల్లో చెక్కులు ఇచ్చి, శనగలు ఇకనుంచి తనకు తెలిసిన హోల్‌సేలు షాపులో తీసుకోమన్నాడు. కిలోకు పద్దెనిమిది రూపాయలు తగ్గింది.

రేపు పదకొండింటికి నలభై మూడో నంబరు దగ్గరికి వెళ్తున్నా, విత్తనాల షాపు ఆయన, లక్షా ఎనభై వేలు, మొత్తం ఒక బడి. పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేసి వాయిదా వేద్దామనుకున్నాను.